పాత ఆంప్లిఫయర్, టేప్ డెక్ వాడేవాళ్లకు రిచీ స్ట్రీట్: ఏవి కొనాలి, ఏవి కొనకూడదు

చెన్నైలో ఇరవై, ముప్ఫై ఏళ్ల నాటి ఆంప్లిఫయర్‌నో, టూ-ఇన్-వన్‌నో, రికార్డ్ ప్లేయర్‌నో ఇంకా రోజూ వాడుతున్నవాళ్లు ఎప్పుడో ఒకప్పుడు రిచీ స్ట్రీట్‌కి వెళ్లక తప్పదు. అన్నాసాలై నుంచి చింతాద్రిపేట వైపు తిరిగితే వస్తుంది. పేరు ఒక్క వీధిదే. బజారు మాత్రం నరసింగపురం స్ట్రీట్, మీరాన్ సాహిబ్ స్ట్రీట్, వాటి మధ్య సందులు, మేడ మెట్ల కింది కొట్ల దాకా అల్లుకుని ఉంటుంది. అక్కడ దొరికే ఫోన్లు, లాప్‌టాప్‌లు, కెమెరాల సంగతి ఇక్కడ రాయడం లేదు. పాత ఆడియో సెట్టు ఆగిపోకుండా చూసుకోవాలంటే ఈ వీధి ఎంతవరకు ఆదుకుంటుందన్నదే ఈ సమీక్ష.

ముందే చెప్పేస్తే, కెపాసిటర్లు (చార్జ్‌ను నిలవచేసే పార్టులు), బెల్టులు, ట్రాన్స్‌ఫార్మర్లు, వాల్యూమ్ కంట్రోళ్లు, స్పీకర్ రిపేరు, ఈ ఐదింటికీ నిశ్చింతగా వెళ్లొచ్చు. ఇవన్నీ కాలినడకన తిరిగేంత దగ్గరలో దొరికే చోట్లు దక్షిణాదిలో తక్కువ. బెంగళూరు ఎస్‌పీ రోడ్డు దీనికి సాటి రాగలదు. అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు (స్పీకర్‌ను నడిపేవి), పాత పవర్ ఐసీలు (ఎన్నో పార్టులు ఒకే ముక్కలో ఉండే చిప్‌లు), రికార్డ్ ప్లేయర్ సూదులు మాత్రం ఇక్కడ కొత్తవి కొనాలనుకోవద్దు. ఇంకో మాట. "ఆంప్లిఫయర్ పాడైంది, ఏం వేయాలి?" అని అడిగేవాళ్లకు ఈ వీధి పనికిరాదు. "4700 మైక్రోఫారడ్, 50 వోల్టులు, 105 డిగ్రీలది, కాళ్ల మధ్య 10 మిల్లీమీటర్లు" అని కెపాసిటర్ కొలతలు చెప్పి అడిగేవాళ్లకు ఐదు నిమిషాల్లో పని అవుతుంది. కౌంటరు దగ్గర జనం ఎప్పుడూ ఉంటారు. మీ సెట్టు జబ్బేమిటో కనుక్కునే తీరిక కొట్టతనికి ఉండదు.

అందుకే అసలు పని ఇంటి దగ్గరే మొదలవ్వాలి. ముందు ఒక సీరీస్ బోర్డు తయారు చేసుకోండి. హోల్డర్‌లో 60 లేదా 100 వాట్ల ఫిలమెంట్ బల్బు పెట్టి, కరెంటు ఆ బల్బు గుండా ప్లగ్ పాయింటుకు వెళ్లేలా వైరింగ్ చేయాలి. ఎల్‌ఈడీ బల్బు ఈ పనికి రాదు. చాలాకాలం పక్కన పెట్టిన సెట్టును మొదటిసారి ఈ బోర్డు మీదే ఆన్ చేయాలి. బల్బు ఒక్కసారి వెలిగి మసకబారితే సెట్టు చాలావరకు క్షేమంగా ఉన్నట్టే. వెలిగింది వెలిగినట్టే ఉంటే లోపల ఎక్కడో షార్ట్ ఉంది, వెంటనే ఆపేయాలి. బల్బు లేకుండా నేరుగా ప్లగ్‌లో పెట్టి ఉంటే అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు, ట్రాన్స్‌ఫార్మర్ కూడా పోయేవి.

హమ్ (గుయ్యిమనే శబ్దం) వస్తుంటే అది ఎక్కడిదో కూడా ఇంట్లోనే తేలిపోతుంది. వాల్యూమ్‌ను పూర్తిగా సున్నాకు తగ్గించండి. హమ్ అలాగే ఉంటే పవర్ సప్లయిలోని ఫిల్టర్ కెపాసిటర్లను అనుమానించాలి. మన కరెంటు 50 హెర్ట్జ్, ఫుల్ వేవ్ రెక్టిఫయర్ (ఏసీని డీసీ చేసే డయోడ్లు) తర్వాత ఆ హమ్ 100 హెర్ట్జ్ అవుతుంది, కొంచెం కీచుగా వినిపిస్తుంది. వాల్యూమ్‌తో పాటు హమ్ పెరుగుతుంటే తప్పు ఇన్‌పుట్ వైపుది: తీగ షీల్డ్ (చుట్టూ ఉండే లోహపు అల్లిక) తెగి ఉంటుంది, లేదా ఎర్త్ సరిగ్గా తగలడం లేదు. అది 50 హెర్ట్జ్ హమ్, బరువుగా ఉంటుంది. దీనికి పార్టులేవీ కొనక్కర్లేదు. పది రూపాయల షీల్డెడ్ తీగ ముక్క, ఒక సోల్డరింగ్ చాలు.

మూత తీసే ముందు ప్లగ్ పీకడం ఒక్కటే చాలదు. పెద్ద ఫిల్టర్ కెపాసిటర్లలో చార్జ్ నిలిచి ఉంటుంది. 1 కిలో ఓమ్, 5 వాట్ల రెసిస్టర్‌ను రెండు కాళ్లకూ అర నిమిషం ఆనించి, మీటర్‌తో చూసి, 2 వోల్టుల లోపు వచ్చాకే చెయ్యి పెట్టాలి. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేయడం చాలామందికి అలవాటు. దానివల్ల కెపాసిటర్ లోపల దెబ్బతింటుంది, కళ్లలో నిప్పురవ్వలు పడే ప్రమాదం కూడా ఉంది. తర్వాత బోర్డును రెండు వైపులా ఫోన్‌తో ఫోటో తీసుకుని, ఒక్కో కెపాసిటర్ మీద ఉన్న విలువ, వోల్టేజ్, కాళ్ల ఎడం, ఎత్తు కాగితం మీద రాసుకోండి. ఆ కాగితమే మీ కొనుగోలు చీటీ.

ఇక కెపాసిటర్లు. రిచీ స్ట్రీట్ బలం నిజంగా ఇక్కడే ఉంది. నిచికాన్, రూబీకాన్, పానాసోనిక్ లాంటి జపాన్ రకాలతో పాటు కేరళలోని కణ్ణూరులో తయారయ్యే కెల్‌ట్రాన్ కూడా దొరుకుతుంది. పక్కనే పేరూ ఊరూ లేని సరుకు కూడా అమ్ముతారు. "కంపెనీదా, లోకలా?" అని అడిగితే దాచకుండానే చెప్తారు, ధర తేడా కూడా చెప్తారు. ఎటూ తేల్చుకోలేకపోతే 105 డిగ్రీలది తీసుకోండి, 85 డిగ్రీలది వద్దు. లెక్క తేలికే. కెపాసిటర్ ఉన్నచోట వేడి పది డిగ్రీలు తగ్గితే దాని ఆయుష్షు సుమారు రెట్టింపవుతుంది. చెన్నై వేసవిలో ఆంప్లిఫయర్ లోపల 55 డిగ్రీలు ఉందనుకోండి. 2000 గంటల రేటింగ్ ఉన్న 85 డిగ్రీల కెపాసిటర్ 16,000 గంటలు పనిచేస్తుంది, అంటే రోజుకు నాలుగు గంటల వాడకంలో పదకొండేళ్లు. అదే రేటింగ్‌తో 105 డిగ్రీలదైతే 64,000 గంటలు. ధరలో తేడా కొద్ది రూపాయలే.

వోల్టేజ్ విషయంలో పాతదానికి సమానంగానో ఒక మెట్టు ఎక్కువగానో ఉంటే చాలు: 25 స్థానంలో 35, 35 స్థానంలో 50. మైక్రోఫారడ్లు మాత్రం ఇష్టానుసారం పెంచొద్దు. 2200 ఉన్నచోట 10,000 వేస్తే బేస్ పెరుగుతుందని కౌంటరు దగ్గర చెప్పేవాళ్లు ఉంటారు. పెరిగేది ఆన్ చేసిన క్షణంలో డయోడ్ల మీద పడే కరెంటు. ఆ డయోడ్లు అందుకోసం చేసినవి కావు. 2200కి 2700 దాకా పర్వాలేదు.

మోసం ఎక్కడ జరుగుతుందంటే పెద్ద సైజు కెపాసిటర్లలో. చిన్న కెపాసిటర్‌ను పెద్ద డబ్బాలో పెట్టి పైన కొత్త తొడుగు వేసినవి బజారులో తిరుగుతుంటాయి. చేతిలో పట్టుకుంటేనే తేలిగ్గా అనిపిస్తాయి. కెపాసిటర్ల విలువను, ఈఎస్ఆర్‌ను (లోపలి నిరోధాన్ని) కొలిచే చిన్న కాంపొనెంట్ టెస్టర్ ఒకటి ఈ వీధిలోనే దొరుకుతుంది. ముందు దాన్ని కొని, తర్వాత దానితో కొలిచి మిగతావి కొనండి. ఎలక్ట్రోలిటిక్‌కు 20 శాతం అటూ ఇటూ మామూలే. అంటే 4700 అని రాసి ఉన్నది 3760 నుంచి 5640 వరకు చూపిస్తే మంచిదే. 2800 చూపిస్తే తిరిగిచ్చేయండి. ఆ సైజులో ఈఎస్ఆర్ ఓమ్‌లో పదో వంతు లోపే ఉండాలి. కొలవనివ్వని కొట్టులో పెద్ద కెపాసిటర్ కొనక్కర్లేదు, పక్క కొట్టతను కొలవనిస్తాడు.

బిగించేటప్పుడు జరిగే తప్పొకటుంది. మామూలు ఎలక్ట్రోలిటిక్ మీద గీత ఉన్న వైపు మైనస్. టాంటలం కెపాసిటర్ మీద గీత ఉన్న వైపు ప్లస్. ఇది మర్చిపోయి టాంటలాన్ని తిరగేసి బిగిస్తే కాలిపోతుంది. స్పీకర్ బాక్సు లోపల ట్వీటర్‌కు సీరీస్‌లో ఉండే 2.2, 3.3, 4.7 మైక్రోఫారడ్లవి ఇంకో రకం. అవి నాన్-పోలార్, అంటే ప్లస్, మైనస్ తేడా లేనివి. పేరు చెప్పి అడగకపోతే మామూలువే చేతిలో పెడతారు.

పవర్ ట్రాన్సిస్టర్లు, ఐసీల దగ్గరకొస్తే సలహా మారిపోతుంది. 2ఎన్ 3055, 2ఎస్‌సీ 5200, 2ఎస్ఏ 1943, ఎస్‌టీకే వరుస ఐసీలు, వీటికి నకళ్లు దేశంలో ఏ పార్టుల బజారులోనైనా పుష్కలంగా ఉన్నాయి. అసలు 2ఎన్ 3055 రేటింగ్ 15 ఆంపియర్లు, 115 వాట్లు. నకలు లోపల దానికన్నా చాలా చిన్న సిలికాన్ ముక్క ఉంటుంది. మీటర్‌తో చూస్తే బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది, తక్కువ వాల్యూమ్‌లో బాగానే పాడుతుంది. వాల్యూమ్ పెంచిన రోజున షార్ట్ అయి స్పీకర్‌ను కూడా కాల్చేస్తుంది. పాత ఎస్‌టీకేల తయారీ ఎప్పుడో ఆగిపోయింది కాబట్టి "ఫ్రెష్ స్టాక్" అంటూ మెరిసిపోతూ కనిపించే ఎస్‌టీకేని నమ్మకండి. ఇవి తప్పనిసరైతే అధీకృత డిస్ట్రిబ్యూటర్ నుంచి బిల్లుతో తెప్పించుకోండి. లేదా పాత సెట్టులోంచి పీకినవి ఇక్కడే వెతకండి. కాళ్ల మీద పాత సోల్డర్ మరకలున్న ట్రాన్సిస్టర్‌ను చూసి వెనకాడక్కర్లేదు, ఈ వీధిలో ఆ మరకలు మంచి గుర్తు. బెంగళూరు బెల్ (భారత్ ఎలక్ట్రానిక్స్) కంపెనీ పాత ట్రాన్సిస్టర్లు అలా దొరికితే వదులుకోవద్దు.

చిన్న సిగ్నల్ ట్రాన్సిస్టర్లతో ఈ బాధ లేదు. బీసీ 147, 148 స్థానంలో బీసీ 547, 548 హాయిగా పనిచేస్తాయి. కాళ్ల వరుస మాత్రం వేరు, బోర్డు మీద గుర్తులు చూసి కాళ్లు వంచుకోవాలి.

టేప్ డెక్‌లు, టూ-ఇన్-వన్‌ల వాళ్లు ఎక్కువగా వచ్చేది బెల్టుల కోసం. క్యాసెట్ టేపును నమిలేస్తోందంటే చాలాసార్లు జబ్బు హెడ్‌లో (టేపును చదివే భాగంలో) ఉండదు. బెల్టు సాగిపోవడం వల్ల టేపును చుట్టుకోవాల్సిన రీలు తిరగడం లేదన్నమాట. క్యాప్‌స్టన్ (టేపును నడిపే సన్నటి కడ్డీ) టేపును నెడుతూనే ఉంటుంది, చుట్టుకునే దిక్కు లేక టేపు పించ్ రోలర్ (టేపును నొక్కిపట్టే రబ్బరు చక్రం) చుట్టూ చేరుతుంది. కొన్ని సెట్లలో బెల్టు నల్లటి తారులా కరిగి పుల్లీలకు అంటుకుపోయి ఉంటుంది. దాన్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదితో పూర్తిగా తుడవాలి. కొంచెం మిగిలినా కొత్త బెల్టు జారుతుంది.

పాత బెల్టు పట్టుకెళ్లి "ఇదే సైజు ఇవ్వండి" అనడం పొరపాటు. అది సాగి ఉంది, అదే సైజు కొత్తది కూడా వదులుగానే ఉంటుంది. నూలు దారాన్ని బెల్టు తిరిగే దారిలోనే పుల్లీల చుట్టూ తిప్పి, ఆ పొడవు కొలిచి, 5 నుంచి 10 శాతం తగ్గించాలి. దారం 250 మిల్లీమీటర్లు వస్తే 230 చుట్టుకొలత ఉన్న బెల్టు కావాలి. బెల్టుల కొట్టులో మడిచి స్కేలు మీద పెట్టి కొలుస్తారు. మడిస్తే అది 115 ఉండాలి. కొందరు వ్యాసం అడుగుతారు, అది 73. ఆకారం కూడా ముఖ్యం. డెక్‌లోని టేపు కౌంటరు, రీలు వైపువి చాలావరకు చదరపు బెల్టులు, ఫ్లైవీల్ వైపుది తరచు చదునుగా ఉంటుంది. మరీ బిగుతు బెల్టు వేస్తే మోటారు బుష్ అరుగుతుంది, పాట వణుకుతుంది. ఆఫీసు రబ్బరు బ్యాండు అసలు పనికిరాదు. దాని మందం ఒకచోట ఉన్నట్టు ఇంకోచోట ఉండదు, ఆ తేడా స్వరంలో వినిపిస్తుంది.

మోటారు మార్చాలంటే దాని మీద రాసిన మూడు సంగతులు సరిపోవాలి: వోల్టేజ్, తిరిగే దిశ, వేగం. 6, 9, 12 వోల్టులవి దొరుకుతాయి. 2400 ఆర్‌పీఎం మామూలు వేగం. దిశ చూసుకోకుండా కొంటే టేపు వెనక్కి తిరుగుతుంది. మోటారు వెనక చిన్న రంధ్రంలో వేగం సరిచేసే స్క్రూ ఉంటుంది. టెస్ట్ టేప్ లేకపోతే, కంపెనీ క్యాసెట్‌లోని ఒక పాటను అదే పాట ఫోన్‌లో ఎంతసేపు వస్తుందో చూసి పోల్చండి. ఫోన్‌లో 240 సెకన్లు వచ్చే పాట డెక్‌లో 247 సెకన్లు పడితే వేగం సుమారు 3 శాతం తక్కువ ఉన్నట్టు. క్యాసెట్ నకలు తీసిన యంత్రం వేగంలోనే కాస్త తేడా ఉండొచ్చు కనుక నాలుగైదు క్యాసెట్లతో చూసి సగటు తీసుకోండి. ఘంటసాల, సుశీల పాటలు ఎన్నో రికార్డయిన ఊరు ఇదే. శ్రుతి తప్పిన డెక్‌లో వాటిని వినకూడదు.

హెడ్‌ల దగ్గర వీధి సగమే ఆదుకుంటుంది. మామూలు మోనో, స్టీరియో హెడ్‌లు దొరుకుతాయి. మూడు హెడ్‌ల డెక్‌లకు సరిపోయేవి దొరకవు. మార్చే ముందు గోరుతో హెడ్ ముఖాన్ని తడిమి చూడండి. గాడి తగిలితేనే అరిగినట్టు. చాలావాటికి ఆల్కహాల్‌తో తుడవడం, అజిమత్ స్క్రూను (హెడ్ వంపు సరిచేసేది) పావు చుట్టు అటూ ఇటూ తిప్పి తాళాల మోత బాగా స్పష్టంగా వచ్చేచోట ఆపడం సరిపోతుంది.

స్పీకర్ రిపేరుకు ఈ ప్రాంతంలో చేయి తిరిగిన పనివాళ్లు ఉన్నారు. వాళ్లతో ఏం చేయించాలో తెలిసి ఉండాలి, అంతే. స్పీకర్ అంచున ఉండే ఫోమ్ పదిహేనేళ్లకల్లా ఎండి రాలిపోతుంది. చెన్నై వేడిలో, ఉప్పు గాలిలో ఇంకా ముందే పోతుంది. అది పోయినంత మాత్రాన స్పీకర్ పాడైనట్టు కాదు. కోనును రెండు చేతుల వేళ్లతో సమంగా లోపలికి నొక్కండి. గరగర లేకపోతే కాయిల్ బాగున్నట్టే. మీటర్‌తో చూస్తే 8 ఓమ్‌ల స్పీకర్ 6, 7 మధ్య చూపించాలి, 4 ఓమ్‌లదైతే 3.2 నుంచి 3.6. ఈ రెండు పరీక్షలూ నెగ్గితే "ఫోమ్ ఒక్కటే మార్చండి, కోను, కాయిల్ ముట్టుకోవద్దు" అని స్పష్టంగా చెప్పాలి. చెప్పకపోతే మొత్తం కోను మార్చేస్తారు. వాళ్లకు అదే త్వరగా అయ్యే పని. లోకల్ కోను బరువు, బిగుతు వేరు. పాత పెట్టెలో ఉన్న ఆ మెత్తటి బేస్ తిరిగి రాదు. ఫోమ్ బదులు గుడ్డ అంచు వేస్తామన్నా ఒప్పుకోవద్దు. అది పందిట్లో పెట్టే లౌడ్ స్పీకర్లకు సరైనది. ఇంటి స్పీకర్‌లో కోను కదలికను బిగిస్తుంది, బేస్ తగ్గిపోతుంది.

ఫోమ్ రింగు విడిగా కొని మీరే అతికించుకోవాలంటే నాలుగు కొలతలు కావాలి: ఫ్రేము మీద ఫోమ్ అతికే చోటు బయటి వ్యాసం, లోపలి వ్యాసం, కోను వ్యాసం, ఫోమ్ ఉబ్బు వెడల్పు. 8 అంగుళాలు అని చెప్తే చాలదు, ఒకే 8 అంగుళాలలో రెండు మూడు రకాల రింగులుంటాయి. ఫెవిక్విక్ వాడొద్దు, గట్టిపడి పగులుతుంది. మెత్తగా వంగే రబ్బరు జిగురో తెల్ల జిగురో వాడండి. మధ్యలోని డస్ట్ క్యాప్ జాగ్రత్తగా కోసి తీసి, కాయిల్‌కీ ఇనుప కడ్డీకీ మధ్య పల్చటి ఫిల్మ్ ముక్కలు మూడు నాలుగు చోట్ల దోపితే కోను కచ్చితంగా మధ్యలో నిలుస్తుంది. 24 గంటలు ఆరాక ఆ ముక్కలు తీయాలి. తర్వాత 1.5 వోల్టుల బ్యాటరీని క్షణం పాటు ఆనించి చూడండి. ప్లస్‌కు ప్లస్ తగిలినప్పుడు కోను బయటికి రావాలి. రెండు స్పీకర్లలో ఒకటి లోపలికి, ఒకటి బయటికి కదిలితే బేస్ ఒకదాన్నొకటి చంపుకుంటుంది.

ట్రాన్స్‌ఫార్మర్లు కొనడంలో తెలిసి ఉండాల్సినవి రెండున్నాయి. మొదటిది, అల్యూమినియం తీగ. రాగి పెరిగిన కొద్దీ చౌక ట్రాన్స్‌ఫార్మర్లలో అల్యూమినియం చుట్టడం ఎక్కువైంది. ఒకే రేటింగ్ ఉన్న రెండింటిని చేతుల్లో పట్టుకుంటే తేలిగ్గా ఉన్నది అల్యూమినియంది. తీగ చివర ఎనామిల్ గీకితే లోపల తెల్లగా కనిపిస్తుంది (సోల్డర్ పూత లేని చోట గీకాలి). "కాపర్ వైండింగ్" అని బిల్లు మీద రాయించుకోండి. కొన్నాక లోడ్ లేకుండా అరగంట ఆన్‌లో ఉంచితే, చెయ్యి ఆనించి ఉంచలేనంత వేడెక్కకూడదు.

రెండోది, వోల్టేజ్ ఎంపిక. ఎల్ఏ 4440 ఐసీతో చేసిన చిన్న ఆంప్లిఫయర్లు మన ఇళ్లలో లెక్కలేనన్ని. దానికి అందరూ చేతిలో పెట్టేది 12-0-12 ట్రాన్స్‌ఫార్మర్ (మధ్య తీగకు అటూ ఇటూ 12 వోల్టులిచ్చేది). డీసీ చేశాక వచ్చే వోల్టేజ్ కోసం 12ను 1.41తో గుణిస్తే 17. లోడ్ లేనప్పుడు, కరెంటు 245 వోల్టులు వచ్చినప్పుడు ఆ వోల్టేజ్ 18 దాటిపోతుంది. ఆ ఐసీ నడవగల హద్దు 18, దానికి సరైన వోల్టేజ్ 13.2. పదేపదే 4440లు కాలిపోతున్నాయంటే కారణం చాలాసార్లు ఇదే, ఐసీ నాణ్యత కాదు. 9-0-9 అడిగి తీసుకోండి.

పాత జపాన్ ఆంప్లిఫయర్ ట్రాన్స్‌ఫార్మర్ పోయిందని రీవైండింగ్‌కు ఇచ్చే ముందు ప్రైమరీ (ఇంటి కరెంటు వచ్చే) వైపు పసుపు టేపు కాస్త విప్పి చూడండి. చాలావాటిలో టేపు కింద వైండింగ్‌కు సీరీస్‌లో చిన్న థర్మల్ ఫ్యూజ్ ఉంటుంది. పోయింది అదొక్కటే అయితే అదే ఉష్ణోగ్రత రేటింగ్ ఉన్న ఫ్యూజ్ వేస్తే ట్రాన్స్‌ఫార్మర్ బతుకుతుంది. ఫ్యూజ్ తీసేసి నేరుగా తీగ కలిపే పని ఎవరితోనూ చేయించుకోవద్దు, అది ఇల్లు తగలబడకుండా పెట్టినది.

జపాన్‌లో అమ్మిన సెట్లకు కావాల్సింది 100 వోల్టులు. కౌంటరులో సిద్ధంగా ఉండే స్టెప్-డౌన్‌లు 110 వోల్టులవి, అంటే పది శాతం ఎక్కువ. ఆ ఎక్కువంతా లోపల వేడిగా మారుతుంది. ఇక్కడి వైండింగ్ కొట్లలో 230 నుంచి 100కు అని చెప్పి చుట్టించుకోవచ్చు. సెట్టు వెనక రాసిన వాట్లకు కనీసం రెట్టింపు వీఏ (ట్రాన్స్‌ఫార్మర్ సామర్థ్యపు కొలత) అడగండి: 65 వాట్లుంటే 150 వీఏ.

వాల్యూమ్ కంట్రోళ్లు బాగా దొరుకుతాయి. జపాన్ రకాల మీద 'A' అక్షరం ఉంటే లాగ్ (మొదట్లో నెమ్మదిగా పెరిగేది), 'B' ఉంటే లీనియర్ (సమంగా పెరిగేది). వాల్యూమ్‌కు లాగ్ కావాలి. అక్షరం చూడకుండా ఇస్తే మీటర్ పెట్టి చూడండి: 50 కె (కిలో ఓమ్‌ల) కంట్రోల్‌ను సగానికి తిప్పినప్పుడు ఎర్త్ కాలు నుంచి మధ్య కాలుకు 5 నుంచి 10 కె వస్తే లాగ్, 25 వస్తే లీనియర్. లీనియర్‌ది వేస్తే నాబ్ కొంచెం తిప్పగానే ఇల్లంతా మోగుతుంది. గరగర మాత్రమే వస్తుంటే మార్చక్కర్లేదు. కాంటాక్ట్ క్లీనర్ చిమ్మి ఇరవై, ముప్ఫై సార్లు తిప్పితే చాలు. తుప్పు వదిలించే స్ప్రేలు అందులో కొట్టొద్దు. సోల్డర్ 60/40దే (60 పాళ్లు తగరం, 40 సీసం) అడగండి. అది సుమారు 190 డిగ్రీల దగ్గర కరుగుతుంది. తగరం తక్కువున్న చౌక సోల్డర్‌కు 230 దాటాలి, ఆ వేడికి పాత బోర్డుల రాగి గీతలు లేచిపోతాయి.

రికార్డ్ ప్లేయర్ ఉన్నవాళ్లకు ఈ వీధి నిరాశే మిగులుస్తుంది. పాత సిరామిక్ కార్ట్రిడ్జ్‌కు (సూది అమరే భాగానికి) సరిపోయే సూది దొరికినా దాని కొన ఏ స్థితిలో ఉందో అక్కడ చూసే వీలుండదు. 78 రికార్డుకు కొన సుమారు 75 మైక్రాన్లు ఉండాలి, ఎల్‌పీకి 18 మైక్రాన్లు. ఒకదానిది ఇంకోదానికి వాడితే గాడి పాడవుతుంది. సూదులు తయారీదారు నుంచే తెప్పించుకోండి. రికార్డులు కావాలంటే సెంట్రల్ స్టేషన్ పక్కన మూర్ మార్కెట్ కాంప్లెక్స్‌లో వెతకొచ్చు (1985లో కాలిపోయిన పాత మూర్ మార్కెట్ వారసత్వం అది).

వేగం పరీక్ష ఇంట్లోనే చేసుకోవచ్చు. 33⅓ వేగానికి అంచు చుట్టూ 180 గీతలున్న స్ట్రోబ్ కాగితం ప్రింట్ తీసి, స్విచ్ బోర్డులోని ఎర్ర నియాన్ ఇండికేటర్ లాంటి వెలుగులో చూడాలి. గీతలు నిలిచినట్టు కనిపిస్తే వేగం సరి. సెకనుకు ఒక గీత కదిలితే తేడా ఒక శాతం. మంచి ఎల్‌ఈడీ బల్బులు మిణుకుమనవు కాబట్టి వాటి కింద ఏమీ తెలియదు. అమెరికా నుంచి తెచ్చుకున్న సింక్రనస్ మోటారు (కరెంటు హెర్ట్జ్‌ను బట్టి తిరిగేది) ప్లేయర్ ఎంత బాగుచేసినా నెమ్మదిగానే తిరుగుతుంది. అది 60 హెర్ట్జ్‌కు చేసినది, మన 50 దగ్గర 33⅓ కాస్తా 27.8 అవుతుంది. స్టెప్-డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజ్‌నే మారుస్తుంది, హెర్ట్జ్‌ను కాదు. 50 హెర్ట్జ్ పుల్లీ వేయాల్సిందే.

పాత సెట్టు చూపించగానే చాలా కౌంటర్లలో వినిపించే సలహా ఒకటుంది: "అన్నా, లోపలిదంతా తీసేసి బ్లూటూత్ బోర్డు వేసుకో." అరవైల, డెబ్భైల నాటి మంచి సెట్లు ఎన్నో ఇలా ఖాళీ డబ్బాలైపోయాయి. దయచేసి ఆ పని చేయొద్దు. ఫోన్‌లో పాటలు వినాలంటే వెనక ఉన్న ఐదు కాళ్ల గుండ్రటి డిన్ సాకెట్ చాలు. అందులో 3వ కాలు ఎడమ, 5వ కాలు కుడి, 2వది ఎర్త్. సాకెట్‌లో కాళ్ల వరుస 1, 4, 2, 5, 3 అని గుర్తుంచుకోండి. ఫోన్ అవుట్‌పుట్ ఆ సెట్లకు ఎక్కువవుతుంది కాబట్టి ఒక్కో చానెల్‌కు సీరీస్‌లో 47 కె, ఎర్త్‌కు 10 కె రెసిస్టర్ పెడితే 1 వోల్టు 0.18 వోల్టుకు తగ్గుతుంది, పాట పగలదు. ఈ మొత్తం సామగ్రి ఇక్కడ ఒకే కొట్టులో దొరుకుతుంది. బ్లూటూత్ రిసీవర్ కలిపినా దానికి కరెంటు సెట్టులోంచి తీసుకోకుండా వేరే 5 వోల్టుల చార్జర్ పెట్టండి, కీచు శబ్దం రాదు.

గవర్నమెంట్ ఎస్టేట్ మెట్రోలో దిగి నడవొచ్చు, చింతాద్రిపేట రైల్వే స్టేషన్ కూడా దగ్గరే. కారులో వెళ్తే బండి పెట్టడానికే గంట పోతుంది. ఆదివారం చాలా కొట్లు మూసేస్తారు. వారం మధ్యలో ఉదయం కొట్లు తెరిచిన వేళకు వెళ్తే అడిగింది వెతికి ఇచ్చే తీరిక వాళ్లకు ఉంటుంది. శనివారం సాయంత్రం ఆ ఆశ పెట్టుకోవద్దు. తమిళం రాకపోయినా పార్టు నంబరు రాసిన కాగితం చూపిస్తే సరిపోతుంది, తెలుగు అర్థమయ్యేవాళ్లూ తగులుతారు.

సెట్టునే రిపేరుకు ఇచ్చేట్టయితే, ఇచ్చే ముందు లోపలి ఫోటోలు తీసి పెట్టుకోండి. ఏ పార్టు మార్చినా పాతది కవర్లో వేసి తిరిగి ఇమ్మని మొదటే చెప్పండి. ముఖ్యంగా అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు, ట్రాన్స్‌ఫార్మర్, హెడ్. పాతవి బాగుండి, కొత్తవి నకలువైతే, ఆ కవరులోవే మళ్లీ వేసుకోవచ్చు.